ఎనిమిదో దెబ్బ అక్కర్లేదు

ప్రశ్న: మేడమ్, వచ్చే నెల ఒక సోషల్ గోల్ఫ్ డేకి నా స్నేహితుడు నన్నడగకుండానే నా పేరిచ్చేశాడు. ఆరు నెలలుగా ప్రాక్టీస్ రేంజ్‌లో కొడుతున్నానే గానీ, పూర్తిగా 18 హోల్స్ ఆడింది రెండుసార్లే. హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని బట్టి ఇచ్చే దెబ్బల రాయితీ) 28 అని రాశారు. స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతట. ఓడిపోతానని బాధ లేదు, నా వల్ల నా బృందంలోని మిగతా ముగ్గురి రోజు పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ ముగ్గురూ మీ ఆట చూడరండీ. ఎవరి బంతి గోల వాళ్లది. మీరు బంతిని వదిలేసి నేలను కొట్టినా "అయ్యో" అని ఒక మాట అనేసి తమ బంతి వైపు నడుస్తారు. వాళ్లకు ఒళ్లు మండేది ఆలస్యానికి. నా మొదటి గోల్ఫ్ డేలో ఒక బంతి పోతే, కొత్తది కదా, వదలబుద్ధి కాక పొదలన్నీ దులిపాను. తలెత్తి చూస్తే వెనక టీ (హోల్ మొదలుపెట్టే చోటు) దగ్గర రెండు బృందాలు, ఎనిమిది మంది, చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నారు. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అప్పట్లో వెతకడానికి ఐదు నిమిషాల గడువుండేది. 2019లో రూల్స్ మార్చి మూడుకు తగ్గించారు. బంతి దొరకదేమో అన్న అనుమానం వస్తే కదలకముందే "ప్రొవిజనల్" (తాత్కాలిక బంతి) అని పైకి చెప్పి ఇంకోటి కొట్టేయండి. నోరు విప్పి చెప్పాలి సుమా, చెప్పకుండా కొడితే ఆ రెండోదే మీ అసలు బంతి అయిపోతుంది, మొదటిది దొరికినా పనికిరాదు.

స్టేబుల్‌ఫోర్డ్ అన్నారంటే మీ అదృష్టం. ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్బులో ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే డాక్టర్ 1932లో ఈ పద్ధతిలో పోటీ పెట్టించారు. సముద్రపు గాలికి ఒకటి రెండు హోల్స్ చెడగానే ఆట మీద ఆశ వదులుకునేవాళ్ల కోసం ఆలోచించిన పద్ధతి ఇది. దెబ్బలు కూడటం ఉండదు, హోల్ హోల్‌కీ పాయింట్లే. మీ 28లో హోల్‌కి ఒకటి చొప్పున 18 పోతే ఇంకా 10 ఉన్నాయి. స్కోర్‌కార్డులో స్ట్రోక్ ఇండెక్స్ (కష్టాన్ని బట్టి హోల్స్‌కిచ్చిన వరుస) 1 నుంచి 10 వరకు ఉన్న కష్టమైన హోల్స్‌లో అవి ఒక్కోటి అదనం. అంటే ఇండెక్స్ 7 ఉన్న పార్ 4 (నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన) హోల్‌లో మీకు రెండు దెబ్బల రాయితీ. ఆరులో ముగిస్తే పార్ కొట్టినట్టే, రెండు పాయింట్లు. ఏడైతే ఒకటి. ఎనిమిదైతే సున్నా. కాబట్టి ఏడో దెబ్బకీ బంతి గుంటలో పడలేదా, తీసి జేబులో వేసుకుని తర్వాతి టీకి నడవండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. మొహమాటానికి తొమ్మిది, పది కొట్టేవాళ్లంటేనే అందరికీ భయం.

ఇలాంటి రోజుల్లో గుంటకు దూరంగా ఉన్నవాళ్లే ముందు ఆడాలన్న పట్టింపు కూడా ఉండదు. ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్లు కొట్టేయొచ్చు, ఎవరికీ తగలదని చూసుకుని. మీ వంతు వచ్చాక 40 సెకన్లలోపు కొట్టమని రూల్స్ పుస్తకమే సలహా ఇస్తుంది. కాబట్టి అవతలివాళ్లు కొడుతుండగానే ఏ క్లబ్ (కర్ర) తీయాలో తేల్చుకోండి. గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) దగ్గర బ్యాగును తర్వాతి టీకి వెళ్లే దారి వైపు దించండి. స్కోరు రాసుకోవడం ఆ టీ దగ్గరే, గ్రీన్ మీద నిలబడి కాదు.

ఇక మీకు గౌరవం తెచ్చిపెట్టే పని ఒకటుంది. పై నుంచి వచ్చిన బంతి గ్రీన్ మీద చిన్న గుంట చేస్తుంది. చాలామంది దాన్ని సరిచేసే చిన్న ఫోర్కును గుంట అడుగున దూర్చి మట్టిని పైకి లేపుతారు. అలా చేస్తే వేళ్లు తెగి అక్కడ గడ్డి చచ్చిపోతుంది. గుంట అంచుకు బయట ఫోర్కు దింపి, చుట్టూ ఉన్న గడ్డిని మధ్యలోకి నెట్టండి, బొంతకు చిరుగు కుట్టేటప్పుడు అంచులు దగ్గరికి లాగినట్టు. ఆఖరున పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్ర) అడుగుతో మెత్తగా అదిమితే సరి. మీది చేశాక పక్కనున్నది ఇంకోటి కూడా చేయండి. ఎవరైనా మెచ్చుకుంటే నా పేరు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: పట్ కొట్టేటప్పుడు (గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించేటప్పుడు) గుంటలోంచి జెండా కర్ర తీయాలా, వద్దా?

జవాబు: మీ ఇష్టం. ఉంచి కొట్టినా తప్పు లేదు, అదీ 2019 నుంచే. నేను ఉంచుతాను. నా పట్‌లకు ఆపేవాళ్లు కావాలి.

ప్రశ్న: మేం ఆడబోయేది పాత క్లబ్‌హౌస్ ఉన్న కోర్సే. అక్కడ ఎలా మసలుకోవాలి? ఆట అయ్యాక గంటసేపు ఖాళీ ఉంటుందట, చూడటానికేమైనా ఉంటుందా? నేను మహిళను, అందుకే ముందుగా అడుగుతున్నాను.

జవాబు: అందుకే అన్న మాట నాకు అర్థమైంది. ముందు మామూలు సంగతులు. లోపల టోపీ తీయడం, ఫోన్ మోగకుండా చూసుకోవడం, కాలర్ ఉన్న చొక్కా, బూట్లు మార్చుకోవడం. బూట్ల నియమం వాటి అడుగున ఇనుప మేకులుండే కాలం నాటిది, చెక్క నేలలు చిల్లులు పడేవి. ఇప్పుడు మేకులు ప్లాస్టిక్‌వే అయినా నియమం మిగిలింది, బురద ఎలాగూ ఉంటుంది.

చూడటానికైతే గంట చాలదు. ముందు గోడల మీది చెక్క బోర్డుల దగ్గరికి వెళ్లండి, బంగారు అక్షరాలతో ఏటేటా క్యాప్టెన్లు, విజేతల పేర్లు ఉంటాయి. రెండు ప్రపంచ యుద్ధాల కాలం వెతకండి, చాలాచోట్ల విజేతల వరుస తెగిపోతుంది. బ్రిటిష్ ఓపెన్‌కే 1915–19, 1940–45 మధ్య విజేతలు లేరు. ఆ తర్వాత ఆడవాళ్ల బోర్డు ఎక్కడుందో చూడండి. ఒక్కోచోట పెద్ద హాల్లో కాకుండా నడవాలోనో, మెట్ల కిందో ఉంటుంది. 1754లో మొదలైన, స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బే ఆడవాళ్లను సభ్యులుగా తీసుకోవడానికి ఓటేసింది 2014లో. అక్కడే మరో పాత క్లబ్బు మ్యూర్‌ఫీల్డ్‌లో ఆ ఓటు 2017 దాకా నెగ్గలేదు.

నేను మొదటిసారి ఒక పాత క్లబ్‌హౌస్ ముందు తలుపు తోస్తే, లోపలున్న ఉద్యోగి చాలా మర్యాదగా పక్కనున్న చిన్న తలుపు చూపించాడు. ఆడవాళ్లకు దారి అటట. అతని తప్పేమీ లేదు, చెప్పమన్నది చెప్పాడు. నేనూ నోరు మూసుకుని అటే వెళ్లాను. ఇప్పటికీ ఆ నోరు మూసుకోవడమే గుర్తొస్తుంది. రెండేళ్ల కిందట మళ్లీ అక్కడికే ఆడటానికి వెళ్లి ముందు తలుపులోంచే లోపలికి నడిచాను. పక్క తలుపు ఏమైందా అని వెళ్లి చూస్తే, ఆ గదిలో ట్రాలీలు పెట్టుకుంటున్నారు.