క్రమయుగ్మం సాధన అవునో కాదో ఎలా తేల్చాలి?

2ఎక్స్ + వై = 4, ఎక్స్ − 3వై = 9 అనే సమీకరణాల జతకు (3, −2) అనే క్రమయుగ్మం సాధన అవుతుందా (అంటే ఆ విలువలు రెండు సమీకరణాలకూ సరిపోతాయా), సమీకరణాలను సాధించకుండానే చెప్పొచ్చా అని అడిగారు. చెప్పొచ్చు. విలువలు ప్రతిక్షేపించి చూస్తే చాలు.

మొదటిదానిలో ఎక్స్ బదులు 3, వై బదులు −2 పెట్టండి. 2(3) + (−2) = 4. సరిపోయింది. చాలామంది ఇక్కడితో ఆపేసి "సాధన అవుతుంది" అని రాసేస్తారు. నేను పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను, వాళ్ల నోట్సుల్లో నాకు ఎక్కువగా కనబడేది ఇదే. (1, 2) తీసుకోండి. 2 + 2 = 4, మొదటిదానికి చక్కగా సరిపోతుంది. రెండోదానిలో మాత్రం 1 − 6 = −5 వస్తుంది, రావలసింది 9. ఒక్కో సమీకరణాన్ని గ్రాఫు గీస్తే ఒక సరళరేఖ వస్తుంది. అంటే ఆ బిందువు మొదటి రేఖ మీద ఉంది, రెండోదాని మీద లేదు. రెండింటి మీదా ఉంటేనే సాధన.

ఇప్పుడు మీ యుగ్మానికి రెండోది చూద్దాం: 3 − 3(−2) = 3 + 6 = 9. ఇదీ సరిపోయింది కాబట్టి (3, −2) సాధనే. ఈ మెట్టు దగ్గర కాస్త నిదానించండి. బ్రాకెట్ పెట్టకపోతే 3 − 6 అనిపించి −3 వస్తుంది, సరైన యుగ్మాన్ని కాదని కొట్టేస్తాం. రుణసంఖ్య ఉన్నప్పుడు బ్రాకెట్ లేకుండా రాస్తే నేను ఒప్పుకోను. పిల్లలు విసుక్కుంటారు, అయినా మళ్లీ రాయిస్తాను.

యుగ్మంలో మొదటి సంఖ్య ఎప్పుడూ ఎక్స్‌దే. తారుమారు చేసి (−2, 3) పెడితే మొదటి సమీకరణంలోనే −1 వస్తుంది. అలా ఒకదానిలో తప్పిందంటే రెండోది చూడక్కర్లేదు.

మీరే సాధించి తెచ్చిన జవాబును సరిచూసేటప్పుడు ప్రశ్నలో ఇచ్చిన అసలు సమీకరణాల్లోనే పెట్టండి. మధ్యలో 3తో గుణించి రాసుకున్న వాటిలో పెడితే, గుణించేటప్పుడు దొర్లిన తప్పు అలాగే దాక్కుంటుంది. పరీక్ష టెన్షన్‌లో ఇది అస్సలు తట్టదు.

ఇంకొకటి. రెండూ సరిపోయినంత మాత్రాన సాధన అదొక్కటే అని కాదు. ఎక్స్ + వై = 5, 2ఎక్స్ + 2వై = 10 చూడండి. (1, 4) సరిపోతుంది, (2, 3) కూడా సరిపోతుంది, ఎందుకంటే అవి రెండూ ఒకే రేఖ. "ఏకైక సాధన ఉందా?" అని అడిగితే ప్రతిక్షేపణ ఒక్కటే చాలదు, గుణకాల (ఎక్స్, వైల ముందున్న సంఖ్యల) నిష్పత్తులు కూడా పోల్చాలి. ఎక్స్ గుణకాల నిష్పత్తి, వై గుణకాల నిష్పత్తి వేరువేరుగా ఉంటేనే సాధన ఒక్కటే. మీ లెక్కలో అవి 2/1, 1/(−3), కాబట్టి (3, −2) తప్ప మరో సాధన లేదు.