పప్పుకూరా? బాతుపాదమా?

సందేహం: ఒక ఆరోగ్య వ్యాసంలో ‘బాతుపాదం మొక్క ఆకులు తినవచ్చు, దాని గింజలే క్వినోవా’ అని రాశారు. బొమ్మ చూస్తే మేం శనగచేలో కలుపు తీసేటప్పుడు పీకే పప్పుకూరే! హిందూపురం నుంచి వచ్చిన మా కోడలేమో దాన్ని చక్కోతాకు అంటుంది. ఏది సరైన పేరు? – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: మీరు సరిగ్గానే గుర్తుపట్టారమ్మా. లేత చిగుళ్ల మీద పిండి చల్లినట్టు తెల్లటి పొడి ఉంటుంది, రుద్దితే వేళ్లకు అంటుతుంది. అదే పప్పుకూర. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ ప్రకటించిన దాని శాస్త్రీయ నామం కీనోపోడియం ఆల్బమ్. ఆల్బమ్ అంటే లాటిన్‌లో తెల్లనిది. కీనోపోడియం గ్రీకు మాట, పెద్దబాతు కాలు అని అర్థం. ఆకు ఆకారాన్ని బట్టి వచ్చింది. ఇంగ్లిషువాళ్లు దాన్ని తమ మాటల్లో చెప్పుకున్నారు, మీరు చదివిన వ్యాసకర్త ఆ ఇంగ్లిషును తెలుగు చేశారు. అది అర్థం చెప్పడం అవుతుంది గానీ పేరు కాదు. సంతలో ‘బాతుపాదం కట్ట ఎంత?’ అని అడిగితే ఎవరిస్తారు?

మనకు పేర్ల కరువేం లేదు. సంస్కృతంలో ఇది వాస్తూకం. హిందీ బథువా ఆ మాట నుంచే వచ్చింది. వైద్య నిఘంటువులు దీన్ని శాకరాజం, రాజశాకం, చక్రవర్తి అని కూడా అన్నాయి. చేలో పీకి గట్టున పారేసే మొక్కకు ఎంత బిరుదో చూడండి! తెలుగులో చక్రవర్తికూర అన్నా ఇదే. కన్నడంలో చక్రవర్తి సొప్పు, చక్కోత సొప్పు రెండూ ఉన్నాయి. హిందూపురం కన్నడ సరిహద్దు ఊరు కాబట్టి మీ కోడలి మాటా తప్పు కాదు.

పప్పుకూరతో ఒక చిక్కుంది. పప్పులో వేసి ఎనిపితే బాగుంటుంది కాబట్టి ఇంట్లో ఆ పేరు నప్పుతుంది. కాగితం మీద ‘పప్పుకూర తిన్నాను’ అని ఉంటే మాత్రం ఆకో వంటకమో తెలియక కన్‌ఫ్యూజన్. అందుకే రాసేటప్పుడు నేను చక్రవర్తికూర అనే రాస్తాను.

ఇక ‘దాని గింజలే క్వినోవా’ అనడం విషయంలోనే తప్పు. రెండూ ఒకే ప్రజాతివి (జీనస్), అంటే దగ్గరి బంధువులే గానీ జాతులు (స్పీషీస్) వేరు. క్వినోవా పెరూ, బొలీవియా దేశాల ఆండీస్ కొండల పంట. 2013ను ఐక్యరాజ్యసమితి దాని పేరిట అంతర్జాతీయ సంవత్సరంగా జరిపాకే మనవాళ్ల నోళ్లలో ఎక్కువగా నానింది. పేరు ఆ కొండల్లోని కెచువా భాషది, స్పానిష్ స్పెల్లింగులో (quinoa) మనదాకా వచ్చింది. స్పానిష్‌లో ఆ మొదటి రెండక్షరాలు (qu) కలిసి ‘క’ అనే పలుకుతాయి, ‘క్వ’ కాదు. కాబట్టి కినోవా అని రాయడం మేలు. కొత్త తెలుగు పేరు కల్పించనక్కర్లేదు, కాఫీకి కల్పించామా?

ఆ వ్యాసంలో ఇలా ఉండాల్సింది: ‘చక్రవర్తికూర ఆకులు వండుకోవచ్చు. కినోవా దీని దాయాది.’