ఆపరేషన్‌కి రెండేళ్లు ఆగమన్నారు, ఈలోపు ఏం చెయ్యాలి?

"అక్కా, నేను ఇంగ్లండ్ వచ్చి ఏడాదిన్నర అయింది. వయసు 34, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 115 కిలోలు, మూడేళ్లుగా షుగర్. బరువు తగ్గే ఆపరేషన్‌కి పంపమని జీపీని, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ని, అడిగితే ముందు బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 40 దాటాలన్నారు, తర్వాత సరే పంపుతాం కానీ రెండేళ్ల పైనే పట్టొచ్చన్నారు. హైదరాబాద్‌లో అయితే నెల తిరక్కుండా చేయించుకోవచ్చు, అక్కడ ఈ పడిగాపులు ఎందుకు అని ఇంట్లో గోల. ఏం చెయ్యమంటావు?"

తమ్ముడూ, నేనూ ఆ పడిగాపులు పడినదాన్నే. 2018 వేసవిలో జీపీని అడిగాను, 2021 నవంబర్లో ఆపరేషన్ అయింది. మధ్యలో కోవిడ్ వచ్చి అన్నీ ఆగిపోయాయి, నిజమే. కానీ ఆ మూడేళ్లలో ఏడు నెలలు తినేసింది కోవిడ్ కాదు, మా జీపీ క్లినిక్ కంప్యూటర్లో పంపకుండా ఉండిపోయిన ఒక ఉత్తరం.

ఎలా జరిగిందంటే, డాక్టరమ్మ "పంపిస్తున్నాను, వాళ్ల దగ్గర్నుంచి లెటర్ వస్తుంది" అంది. నేను నమ్మేసి ఇంటికొచ్చాను. రోజూ పోస్టు పడిన చప్పుడైతే చాలు, వంట మధ్యలో ఉన్నా వెళ్లి చూసేదాన్ని, కరెంటు బిల్లు, పిజ్జా కాగితాలు, అంతే. ఇక్కడ అన్నీ లేటు కదా అని సర్దుకున్నాను. నాకంటే మూడు నెలలు వెనక అడిగిన మా ఆఫీసు అమ్మాయికి పిలుపు వచ్చిందని తెలిశాక అనుమానమొచ్చి ఫోన్ చేస్తే, రిసెప్షన్ ఆవిడ టకటకా ఏదో టైప్ చేసి, కాసేపు మౌనంగా ఉండి, "మీ పేరు మీద ఇక్కడ రిఫరల్ వెళ్లినట్టు లేదే" అంది. రాసిన ఉత్తరం డ్రాఫ్టులోనే ఉంది. చాలా మర్యాదగా సారీ చెప్పారు. ఈ దేశంలో సారీ బాగా చెబుతారు, కాకపోతే సారీ చెప్పినంత మాత్రాన వరసలో మన చోటు ముందుకు జరగదు.

అందుకే నీకు మొదట చెప్పేది ఇది: నువ్వు వరసలో ఉన్నావో లేదో ముందు తేల్చుకో. రిఫరల్ ఉత్తరం కాపీ ఒకటి అడుగు, ఇస్తారు. ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ యాప్‌లో రిఫరల్ కనిపిస్తుందేమో చూడు. ఈ-రిఫరల్ పద్ధతిలో పంపితే ఒక రిఫరెన్స్ నంబరు, పాస్‌వర్డ్ ఉంటాయి, అవి తీసుకో. రెండు వారాలాగి, ఉత్తరం చేరాల్సిన చోటికే ఫోన్ చేసి "నా పేరు మీ దగ్గర నమోదైందా, ఏ తేదీన?" అని అడిగి ఆ తేదీ ఫోన్లో రాసి పెట్టుకో. మొహమాటపడకు. మనకి డాక్టర్ని మళ్లీ అడిగితే కోపమొస్తుందేమో అన్న భయం ఒకటి ఉంటుంది, ఇక్కడ ఎవరూ అలా అనుకోరు.

ఇక ఆ 40 సంగతి. నువ్వు చెప్పిన లెక్కకి బీఎంఐ 38.5 వస్తుంది. ఇక్కడ డాక్టర్లంతా చూసే నైస్ అనే సంస్థ మార్గదర్శకాల ప్రకారం మామూలుగా 40, లేదా బరువు తగ్గితే మెరుగయ్యే జబ్బు ఏదైనా ఉంటే 35. కానీ దక్షిణాసియా వాళ్లకి ఈ అంకెల్లోంచి 2.5 తగ్గించి చూడాలి, ఎందుకంటే మనవాళ్లకి తక్కువ బరువుకే షుగర్, గుండె జబ్బులు వస్తాయి. అంటే నీకు 37.5, షుగర్ ఉంది కాబట్టి 32.5. రెండు లెక్కల్లోనూ నువ్వు దాటేశావు. పైగా టైప్ 2 షుగర్ బయటపడి పదేళ్లు దాటకపోతే అలాంటివాళ్లని త్వరగా పరీక్షించి చూడాలని కూడా అందులోనే ఉంది. నీది మూడేళ్లే. కాబట్టి ఉత్తరంలో మూడు విషయాలు పడాలి: దక్షిణాసియా మూలం, షుగర్ ఎప్పుడు బయటపడింది, ఇప్పటి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) ఎంత. ఇండియా రిపోర్టులు శాతంలో ఉంటాయి, ఇక్కడివి వేరే కొలతలో, 6.5 శాతాన్ని వీళ్లు 48 అంటారు, 7ని 53 అంటారు. 53 చూసి మా పక్కింటి పిల్లాడు గుండె ఆగినంత పని చేసుకున్నాడు, నువ్వు కంగారు పడకు.

రెండేళ్లంటే ఒకే క్యూ అనుకుంటారు కొత్తవాళ్లు. కాదు. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ముందు టైర్ 3 అని బరువు క్లినిక్ ఉంటుంది, డైటీషియన్, సైకాలజిస్టు, డాక్టరు చూస్తారు, దానికి ఒక క్యూ. అందులో కొన్ని నెలలు తిరగాలి. అది అయ్యాక సర్జన్ దగ్గరికి, దాన్ని టైర్ 4 అంటారు, అక్కడ ఇంకో క్యూ. రిఫరల్ నుంచి 18 వారాల్లో వైద్యం మొదలవ్వాలని ఎన్‌హెచ్ఎస్ లక్ష్యం ఒకటి ఉంది, 100 మందిలో 92 మందికైనా అలా జరగాలట, 2016 నుంచి దాన్ని అందుకున్నది లేదు. ఆ 18 వారాలు గోడ మీద క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని బాధపడొద్దు. దానికంటే పనికొచ్చేది, ఇంగ్లండ్‌లో మొదటి అపాయింట్‌మెంట్ ఏ ఆస్పత్రిలో కావాలో ఎంచుకునే హక్కు. గంట ప్రయాణం దూరంలో ఇంకో చోట క్యూ చిన్నగా ఉండొచ్చు, జీపీ రిఫరల్ పంపేటప్పుడే ఆ మాట అడగాలి. స్కాట్లండ్, వేల్స్‌లో ఉన్నవాళ్లకి పద్ధతులు వేరు, ఇది వర్తించదు. అలాగే సర్జన్ లిస్టులోకి వెళ్లాక సెక్రటరీ నంబరు సంపాదించి "ఎవరైనా చివరి నిమిషంలో మానుకుంటే నన్ను పిలవండి, రెండు రోజుల ముందు చెప్పినా వస్తాను" అని చెప్పి ఉంచు.

ఇల్లు మారితే మటుకు జాగ్రత్త. కాంట్రాక్టు మారిందని లీడ్స్ నుంచి రీడింగ్ వెళ్లిపోతాం మనం, అక్కడి సర్వీసు వేరు, చాలాసార్లు మళ్లీ మొదటికొస్తుంది. ఇండియా ప్రయాణం ఉంటే తేదీలు ముందే వాళ్లకి చెప్పు, నువ్వు ఊళ్లో పెళ్లిలో ఉండగా ఇక్కడ లెటరొచ్చి, అపాయింట్‌మెంట్ తప్పిపోయి, "రాలేదు కాబట్టి తీసేశాం" అంటే అంతకంటే కడుపుమంట ఇంకోటి లేదు. వీసా మీద ఉన్నావు కదా, ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కట్టే వచ్చావు, కాబట్టి ఉచితంగా తీసుకుంటున్నానేమో అన్న బెరుకు అక్కర్లేదు. అమ్మానాన్నలకీ ఇదే అడుగుదామని కొందరు అంటారు, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి కుదరదు, ఎన్‌హెచ్ఎస్ ఖర్చుకి ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు.

ఇక హైదరాబాద్. వద్దని నేను చెప్పను, అక్కడ మంచి సర్జన్లున్నారు. నా బెంగ ఆపరేషన్ గురించి కాదు, ఆ తర్వాతి దాని గురించి. ఇక్కడ ఎన్‌హెచ్ఎస్‌లో చేస్తే రెండేళ్లు వాళ్లే చూస్తారు, ఆ తర్వాత కూడా ఏడాదికోసారి రక్త పరీక్షలు, విటమిన్లు జీవితాంతం, పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపే బైపాస్ రకం అయితే మూడు నెలలకోసారి బీ12 ఇంజెక్షన్. బయట చేయించుకుని వస్తే ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎమర్జెన్సీలో తప్పకుండా చూస్తారు, కానీ మామూలు ఫాలోఅప్ ఎవరు చెయ్యాలన్న దగ్గర పేచీ. నాకు తెలిసినాయన ఒకాయన సెలవు అయిపోతోందని పన్నెండో రోజునే విమానమెక్కి వచ్చేశాడు, చేతిలో బిల్లు తప్ప ఆపరేషన్‌లో ఏం చేశారో రాసిన కాగితం లేదు. కుట్ల దగ్గర లీకు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం లాంటివి మొదటి వారాల్లోనే వస్తాయి, ఆ సమయంలో పది గంటల విమానమా? వెళ్లాలనుకుంటే ఎన్ని వారాలకి విమానమెక్కొచ్చో ఆ సర్జన్‌నే అడిగి దానికి తగ్గ సెలవు పెట్టుకో, ఆపరేషన్ నోట్స్ అంతా రాయించుకుని రా, వెళ్లే ముందే ఇక్కడి జీపీతో మాట్లాడి తర్వాతి రక్త పరీక్షలు చేస్తారో లేదో తేల్చుకో. టర్కీ వెళ్లి చేయించుకునే ఆపరేషన్ ప్యాకేజీలకీ ఇదే మాట, ఇంకాస్త గట్టిగా.

ఆగుదామని అనుకుంటే, ఈ రెండేళ్లు ఏం చెయ్యాలన్నావు. నాకు టైర్ 3లో మొదటి రోజు డైటీషియన్ "అన్నం ఎంత తింటారు?" అంది. "కొంచెమే" అన్నాను, నిజాయితీగానే. ఆవిడ నవ్వలేదు, వంటింటి త్రాసు ఒకటి కొనుక్కోమంది. ఆ రాత్రి నేను మామూలుగా పెట్టుకునే కొంచెం అన్నం తూచితే 420 గ్రాములు. పప్పు వేసుకోకముందు. మా ఆయనది తూచడానికి ఆయన ఒప్పుకోలేదు. కంచం నిండా కనపడకపోతే తిన్నట్టుండదు మనకి, అందుకని కంచం తీసేసి పిల్లల పాలగిన్నె లాంటి చిన్న స్టీలు గిన్నెలో తినడం మొదలెట్టాను, అందులో సగం కూర, పావు పప్పు, పావు అన్నం. ముద్ద ముద్దకీ నమలడం నేర్చుకోవాలి, ఆపరేషన్ తర్వాత నమలకుండా మింగితే ఛాతీలో ఇరుక్కున్నట్టు నొప్పొస్తుంది. పెరుగన్నం నమలడం అసాధ్యమని నీకే తెలుస్తుంది, జారిపోతుంది, అందుకే అది ఎంత తిన్నామో తెలీదు. అన్నం మధ్యలో నీళ్లు తాగడం మానేసి, తిన్నాక అరగంటకి తాగడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకో. నాకు అన్నిటికంటే ఇదే కష్టమైంది, ఆవకాయ ముద్ద తిని గ్లాసు వైపు చూడకుండా ఉండటం మాటలా!

ప్రోటీన్ విషయం శాకాహారులకి ముందే చెప్పాలి. ఆపరేషన్ తర్వాత రోజుకి 60 నుంచి 80 గ్రాములు తినమంటారు, పొట్టేమో గుప్పెడు. మన పప్పుచారులో నీళ్లే ఎక్కువ. ముద్దపప్పు, పెసరట్టు, పనీర్, సోయా, తింటే గుడ్డు, వీటి చుట్టూ వంట మార్చుకో. విటమిన్ డి, బీ12, ఐరన్ ఒకసారి చూడమని జీపీని అడుగు, ఈ ఎండలేని దేశంలో మన చర్మానికి డి ఏడాది పొడుగునా రోజుకి 10 మైక్రోగ్రాములు వేసుకోమనే అంటారు. సిగరెట్ ఉంటే మానెయ్.

రాత్రి గట్టిగా గురక పెట్టి పగలు మీటింగుల్లో కునుకు తీస్తున్నావా? చెప్పు, నిద్ర పరీక్ష చేస్తారు. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం, ఉంటే మత్తు డాక్టర్లకి అది తెలియాలి, మెషీన్ ఇస్తారు, క్యూలో ఉండగానే సగం నీరసం పోతుంది. పగటి నిద్రమత్తు ఎక్కువగా ఉంటే కారు లైసెన్సు వాళ్లకి, అంటే డీవీఎల్ఏకి, చెప్పాల్సి రావచ్చు, దాచొద్దు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కూడా అడుగుతావని తెలుసు. మౌంజారో 2025 జూన్ నుంచి ఇంగ్లండ్‌లో జీపీల ద్వారా ఇవ్వడం మొదలైంది, కానీ మొదటి విడతలో బీఎంఐ 40 (మనకి 37.5), దానితో పాటు షుగర్, బీపీ, గుండె జబ్బు, కొలెస్ట్రాల్, స్లీప్ ఆప్నియా, ఈ ఐదింట్లో నాలుగు ఉండాలన్నారు. ఇవి బరువు తగ్గించడానికి ఇచ్చేదాని లెక్కలు, షుగర్ మందుగా ఇచ్చేటప్పుడు లెక్క వేరు, నీ షుగర్ నర్సుని అడుగు. సొంత డబ్బుతో కొనుక్కుంటే టైర్ 3 వాళ్లకి చెప్పి కొనుక్కో, బరువు తగ్గితే ఆపరేషన్ లిస్టులో నీ స్థానం ఏమవుతుందో, వాళ్లు ఏ రోజు బరువు లెక్కేస్తారో ముందే అడుగు. మందుతోనే షుగర్ అదుపులోకొచ్చి ఆపరేషన్ వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు, అందులో ఓటమేం లేదు.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు లివర్ డైట్ ఉంటుంది. రోజుకి 800 నుంచి 1000 కేలరీలు, పిండి పదార్థాలు బాగా తక్కువ. పొట్ట మీదకి వాలి ఉండే కాలేయం చిన్నదైతేనే సర్జన్‌కి దారి దొరుకుతుంది. నాకది సరిగ్గా దీపావళి రోజున మొదలైంది, ఇంటినిండా బూందీ లడ్డు వాసన, నా చేతిలో పాలగ్లాసు. షుగర్ మందులు అప్పుడు తగ్గించాల్సి ఉంటుంది, లేకపోతే షుగర్ పడిపోతుంది, ఆ ప్లాన్ ముందే రాయించుకో. నీ భార్య కూడా ఎప్పుడైనా ఈ దారిలోకొస్తే ఒక మాట, ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర గర్భం వద్దంటారు, బరువు తగ్గగానే గర్భం త్వరగా నిలుస్తుంది కూడా, కాబట్టి "ఇంకెప్పుడు?" అనే అత్తగార్లకి ముందే జవాబు సిద్ధం చేసుకోవాలి.

ఎవరికి చెప్పాలి అనేది నీ ఇష్టం. నేను మా అక్కకీ, ఇక్కడ ఇద్దరికీ తప్ప చెప్పలేదు. ఉగాది పార్టీలో "తిండి తగ్గించుకోలేక కడుపు కోయించుకుంటారట" అని ఎవరి గురించో అంటుంటే గారె పట్టుకుని నిలబడ్డాను. సైకాలజిస్టు దగ్గర మాత్రం దాచకు. రాత్రి పదకొండుకి ఫ్రిజ్ తెరిచి నిలబడతానని చెప్పడానికి నాకు మూడు సిట్టింగులు పట్టింది, చెబితే ఫెయిల్ చేస్తారనుకున్నాను, ఆవిడ దాన్నే పట్టుకుని సాయం చేసింది. ఇంగ్లిష్‌లో చెప్పుకోలేకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు, డబ్బులు తీసుకోరు.

సోమవారం క్లినిక్‌కి ఫోన్ చెయ్. పొద్దున్న 8కి చెయ్యకు, అప్పుడు అపాయింట్‌మెంట్ల కోసం అందరూ ఎగబడతారు, లైను దొరకదు. మధ్యాహ్నం రెండు దాటాక చేసి, రిఫరల్ ఉత్తరం ఏ తేదీన వెళ్లిందో కనుక్కుని నాకు మెసేజ్ పెట్టు.