ఆధిక్యమా, ఆధిక్యతా? అల్పసంఖ్యాకులు అల్పులా?

సందేహం: మా అపార్ట్‌మెంటు సంఘానికి ఎన్నికైన కార్యదర్శిని. రాత్రి 11 దాటాక లిఫ్టు ఆపాలన్న తీర్మానాన్ని 13 మంది ఒప్పుకున్నారు, 9 మంది కాదన్నారు. మినిట్సు పుస్తకంలో ‘తీర్మానం ఆధిక్యతతో నెగ్గినది, అల్పసంఖ్యాకుల అభ్యంతరం తోసిపుచ్చడమైనది’ అని రాశాను. అయిదో అంతస్తు పెద్దాయన అది చదివి, ‘మేం అల్పులమా?’ అని సంతకం చేయకుండానే వెళ్లిపోయారు. నా మాటల్లో తప్పుందా? ప్రతినిధి అంటే ఓటేసినవారి తరఫు మనిషనే కదా అర్థం?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: వ్యాకరణదోషం ఒక్కటే ఉంది, పెద్దాయన నొచ్చుకున్నది మాత్రం దానికి కాదు. ‘అధికం’ నుంచి భావార్థంలో ‘ఆధిక్యం’ వస్తుంది, లేదా ‘త’ చేరి ‘అధికత’ అవుతుంది. ఆధిక్యానికి మళ్లీ ‘త’ తగిలించడం పంచె మీద పంచె కట్టడమే. ప్రాధాన్యత, ప్రాముఖ్యత అలా పుట్టినవే. మాటల్లో నేనూ ‘ప్రాధాన్యత’ అంటూనే ఉంటాను కాబట్టి ఎవరినీ తప్పుపట్టను. రాతలో మాత్రం ఆధిక్యమే మేలు.

అయితే మెజారిటీ అన్న ప్రతిచోటా ఆధిక్యం సరిపోదు. మా బెజవాడ బ్యానర్ల మీద ‘ఇన్ని వేల మెజారిటీ’ అంటే రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థితో ఉన్న తేడా, అది ఆధిక్యమే. 175 స్థానాల ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ప్రభుత్వానికి మెజారిటీ కావాలంటే 88 మంది ఉండాలి. అది సగానికి మించిన సంఖ్య. ఒక నియోజకవర్గంలో ముగ్గురు పోటీచేసి, పోలైన ప్రతి నూరు ఓట్లలో 40, 35, 25 తెచ్చుకున్నారనుకోండి. మొదటివాడు ఆధిక్యంతో గెలిచినట్టే గాని, అరవైమంది అతడిని కోరుకోలేదు. ఈ రెండర్థాలూ ఒక్క మాటలో కలిసిపోవడం వల్లే గెలిచినవాడు ఊరంతా తనవైపే ఉన్నదని నమ్ముతుంటాడు.

‘అల్పసంఖ్యాకులు’ బహువ్రీహి సమాసం: అల్పమైన సంఖ్య కలవారు. అల్పత్వం సంఖ్యకే, మనుషులకు కాదు. గుంటూరులో అధికసంఖ్యాకుడైన తెలుగువాడు రైలెక్కి చెన్నైలో దిగేసరికి భాషాపరంగా అల్పసంఖ్యాకుడవుతాడు. దారిలో అతడి గుణమేమీ తరగదు. విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకునే హక్కును మత, భాషా అల్పసంఖ్యాకులకు ఇచ్చిన రాజ్యాంగం 30వ అధికరణం కూడా ఓట్లలో నెగ్గలేనివారికి రక్షణ ఉండాలనే వచ్చింది. కాని శతకపద్యాలు నోటికొచ్చిన తరానికి ‘అల్ప’ అనగానే ‘అల్పుడు’ గుర్తుకొస్తాడు. సమాసం విడదీసి చెప్పినా చెవిలో పడిన మాట వెనక్కి రాదు. ‘మైనారిటీ’ కూడా ఇక్కడ పొసగదు. ‘మైనారిటీ తీరడం’ అంటూ మనం దాన్ని వయసుకూ ముడిపెట్టాం. పైగా అయిదో అంతస్తువారు మతానికో భాషకో చెందిన వర్గం కాదు, ఒక తీర్మానాన్ని కాదన్నవారు. వారిని ‘వ్యతిరేకించినవారు’ అంటే చాలు.

ఇక ప్రతినిధి. ఇక్కడి ‘నిధి’కి సొమ్ముతో సంబంధం లేదు, ఒకరికి బదులుగా నిలిచినవాడని అర్థం. ‘ప్రజాప్రతినిధి’ షష్ఠీ తత్పురుషం, ‘ప్రజల యొక్క ప్రతినిధి’ అని విగ్రహవాక్యం. ఆ ప్రజల్లో ఓటు వేయనివారూ ఉన్నారు, ఓటు వయసు రాని పిల్లలూ ఉన్నారు. రాజ్యాంగం మూడో షెడ్యూలులోని శాసనసభ్యుల ప్రమాణంలో తమను గెలిపించినవారి ఊసే లేదు. మంత్రులైతే భయపక్షపాతాలు, రాగద్వేషాలు లేకుండా ప్రజలందరికీ న్యాయం చేస్తామంటారు. మీ పదవి చిన్నదైనా సమాసం అదే: సంఘ కార్యదర్శి, పదమూడుగురి కార్యదర్శి కాదు.

‘తోసిపుచ్చడమైనది’ అన్న మాట కోర్టు తీర్పుకు తగినది, ఇరుగుపొరుగుల పుస్తకానికి కాదు. నన్నడిగితే ఆ వాక్యం కొట్టేసి ఇలా రాయండి: ‘హాజరైన 22 మందిలో 13 మంది అనుకూలంగా, 9 మంది వ్యతిరేకంగా ఓటు వేయగా తీర్మానం మెజారిటీతో ఆమోదం పొందినది. వ్యతిరేకించినవారు చెప్పిన కారణాలు ఈ దిగువ నమోదు చేయడమైనది.’ ఆ కారణాలను పెద్దాయన చేతనే చెప్పించుకుని రాసుకుంటే సంతకం సంగతి ఆయనే చూసుకుంటారు.