చెక్కు బౌన్సయ్యి నెల దాటిపోయింది, కేసు చెల్లుతుందా?

ప్రశ్న: లాయరు గారూ, మాది ఉండి మండలం అండి, చెరువు లీజుకి చేస్తున్నాను. పట్టుబడికి రొయ్యలు తెలిసిన ఏజెంటుకే వేశాం, ఫిబ్రవరి 20 తేదీతో 4,80,000కి చెక్కిచ్చాడు. బ్యాంకులో వేస్తే డబ్బుల్లేవని 27న మెమో చేతిలో పెట్టారు. ఫోన్ చేస్తే "బాబాయ్, కంపెనీ పేమెంట్ రాలేదు, పది రోజులాగు" అంటాడు, ఆ పది అయ్యాక మళ్ళీ పది, ఇలా నెల దాటిపోయింది. ఇప్పుడేమో లక్ష తీసుకో మిగతాది తర్వాత చూద్దాం అంటున్నాడు. నెల దాటితే కేసు చెల్లదంటున్నారు, నిజమేనా? అతని ఎకౌంటు హైదరాబాద్‌లో ఉంది, అక్కడికెళ్ళి వెయ్యాలా?
- ఒక రైతు

జవాబు: సగమే నిజమండి. బౌన్సయిందని బ్యాంకు చెప్పిన దగ్గర్నుంచి 30 రోజుల్లో నోటీసివ్వాలి, ఆ గడువు తప్పితే కోర్టు కూడా మన్నించదు, కాబట్టి ఫిబ్రవరి మెమో మీద మీకు 138 కేసు, అంటే చెక్కు బౌన్సుకి వేసే క్రిమినల్ కేసు, లేదు. కానీ చెక్కు మీదున్న తేదీ నుంచి మూడు నెల్లు అది బతికే ఉంటుంది, ఈలోపు మళ్ళీ వెయ్యొచ్చు, మళ్ళీ బౌన్సయితే కొత్త మెమో, కొత్త 30 రోజులు. ఇది కుదురుతుందని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పేసింది. మే నెల మధ్య దాకా టైముంది కదా అని కూర్చోకండి, ఈ వారమే వెయ్యండి.

ఆ లక్ష సంగతి మాత్రం చాలా జాగ్రత్త. లక్ష తీసేసుకుని అదే 4,80,000 చెక్కు అలాగే వేస్తే, వేసిన రోజుకి అంత బాకీ లేదు కదా అని కేసే పోతుంది, 2022లో సుప్రీంకోర్టు అలాగే తీర్పిచ్చింది. తీసుకుంటే ముట్టిన సంగతి ఆ చెక్కు మీదే రాయించి అప్పుడు వెయ్యండి, లేదా మిగిలిన 3,80,000కి కొత్త తేదీతో ఇంకో చెక్కు రాయించుకోండి. నేనైతే కొత్త చెక్కే అడుగుతాను, మూడు నెల్లు మళ్ళీ మొదలౌతాయి.

మళ్ళీ బౌన్సయితే నోటీసులో చెక్కు నంబరు, తేదీ, సొమ్ము సరిగ్గా రాసి పోస్టులో పంపండి, రసీదు పారెయ్యొద్దు. అది అందాక అతనికి 15 రోజులు. ఆ పదిహేనూ నిండకుండా కేసేస్తే చెల్లదు, నిండాక నెలలోపు వెయ్యాలి. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగక్కర్లేదు, హైదరాబాద్ అసలే అక్కర్లేదు, మీరు చెక్కు వేసిన మీ ఎకౌంటు ఏ బ్రాంచిలో ఉంటే ఆ పరిధిలోని మేజిస్ట్రేట్ కోర్టులోనే, 2015 నుంచి చట్టం ఇదే. నేరం రుజువైతే రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు సొమ్ముకి రెండింతల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. కేసు నడుస్తుండగానే చెక్కు సొమ్ములో 20 శాతం దాకా మీకు ఇప్పించే అధికారం 2018 నుంచి కోర్టుకుంది, మీ లాయరు చేత పిటిషన్ వేయించండి.

కాటా చీటీలు, వాట్సాప్‌లో అతను "ఇచ్చేస్తా" అన్న మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి. నోటీసిస్తే తగువు పెట్టుకున్నట్టని మనవాళ్ళు మొహమాటపడతారు. ఈలోపు మేత కొట్టులో మీ బాకీ పెరుగుతుంటే అతనొచ్చి కడతాడా చెప్పండి! నోటీసు పంపాకే డబ్బులు కట్టేసినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ప్రశ్న: మా ఆయన ఫైనాన్స్ అతనికి సంతకం పెట్టి ఖాళీ చెక్కిచ్చారండి, 60 వేల అప్పుకి అతను 3 లక్షలు రాసుకుని లాయర్ నోటీసు పంపాడు. ఖాళీ చెక్కు కదా, ఊరుకోవచ్చా?
- ఒక గృహిణి, అమలాపురం

జవాబు: ఊరుకోవద్దమ్మా. ఇష్టపూర్వకంగా సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కుకైనా బాకీ ఉందనే కోర్టు మొదట అనుకుంటుంది, లేదని చూపించాల్సింది మీరే. నోటీసు అందిన 15 రోజుల్లోపే లాయర్ చేత జవాబు ఇప్పించండి, తీసుకున్నది 60 వేలేనని, ఎప్పుడెంత కట్టారో తేదీలతో సహా అందులో రాయించండి. ఫోన్‌పేలో కట్టినవుంటే బ్యాంకుకెళ్ళి ఎకౌంటు స్టేట్‌మెంట్ ఇవాళే తీసుకోండి, చేతికిచ్చినవుంటే అప్పుడు పక్కనెవరున్నారో గుర్తు చేసుకుని లాయర్‌కి చెప్పండి.