పురానాపూల్‌ను భాగమతి కోసమే కట్టారా?

కాదు. హైదరాబాద్‌లో మూసీపై ఉన్న ఈ రాతి వంతెనను 1578లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా కట్టించింది గోల్కొండ కోటకు నది దాటే దారి కోసం. మచిలీపట్నం రేవుకు వెళ్లే సరుకుల బాటకూ ఇదే ఆధారం. వయసులో ఊరికన్నా వంతెనే పెద్దది: ఊరూ, చార్మినారూ 1591లో వచ్చాయి.

దాదాపు 600 అడుగుల పొడవు, 22 కమానులు. కమానులోని రాళ్లను కింద సన్నగా, పైన వెడల్పుగా చెక్కుతారు. బరువు పడేకొద్దీ అవి ఒకదాన్నొకటి నొక్కుకుంటూ బిగుస్తాయి. ఆ భారమంతా స్తంభాల్లోకి దిగుతుంది. అందుకే అసలు ప్రమాదం పైన నడిచే బళ్లతో కాదు, స్తంభాల అడుగున మట్టిని కోసేసే వరదతో. ఉదాహరణకు, 1820 వరద దెబ్బతీస్తే నిజాం సికందర్ జా బాగు చేయించాడు. 1908 సెప్టెంబరు వరదలో మళ్లీ దెబ్బతింది, అయినా నిలిచింది. ఎంత గట్టి పనితనమో!

ఇక ప్రేమకథ. ప్రేయసి భాగమతిని చూడటానికి ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ పొంగుతున్న నదిలోకి దూకాడని, అది చూసి తండ్రి వంతెన కట్టించాడని చెబుతారు. 1578 నాటికి ఆ కుర్రాడికి మహా అయితే పదమూడేళ్లు.