గోడ ముందు నిలబడబోయే నా బుజ్జికి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ కూతురు కోడింగ్ వదిలేసి గోడల మీద రంగు కాగితాలు అంటించే పనిలో పడింది, నువ్వైనా చెప్పవే" అంది. అక్కకి సర్ది చెప్పి పెట్టేశాను కానీ నాకు నిద్ర పట్టలేదు. వచ్చే నెల మీ ఆఫీసులో మొదటి ఈవెంట్ స్టార్మింగ్ వర్క్‌షాప్, అదే, సాఫ్ట్‌వేర్ రాసే ముందు అందరినీ గోడ ముందు నిలబెట్టి పని ఎలా జరుగుతుందో కాగితాల మీద రాయించేది, నువ్వే నడుపుతున్నావట. దానికోసం శనివారాలు ఇదే పని నేర్చుకుంటున్న ఏడెనిమిది మందితో కలిసి ప్రాక్టీస్ చేస్తున్నావట. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. అంత భయమూ ఉంది. ఆ భయం ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

సామాన్ల సంగతి ముందు చెప్పేస్తాను. పొడవాటి కాగితపు రోలు కొను, ముందురోజే గోడకి టేపు అంటించి నిలుస్తుందో లేదో చూడు. స్టిక్కీ నోటును కింది నుంచి పైకి లాగితే వంకర తిరిగి రాలిపోతుంది, పక్క నుంచి లాగాలి. ఫ్యాన్ ఆపించు. కుర్చీలు గోడవారగా జరిపించు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి రెండు ఉంచు. చివర్లో కాగితాలు తీసే ముందు ఫోటోలు తియ్యి.

పద్ధతి నీకు తెలుసు. 2013లో ఇటలీ దేశస్థుడు ఆల్బెర్టో బ్రాండోలిని దీన్ని మొదలుపెట్టినప్పటి నుంచీ మూలసూత్రం ఒకటే: వ్యాపారంలో జరిగే ప్రతి సంగతినీ ఒక్కో ఆరెంజ్ కాగితం మీద, జరిగిపోయినట్టుగా రాయాలి. "బిల్లు కట్టారు." "రైలు చార్ట్ తయారైంది." మన తెలుగుకి ఇది ఎంత బాగా ఒదుగుతుందో చూడు, ఎవరు చేశారో చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. ఎవరు చేశారు, ఏ ఆదేశంతో, ఏ నియమం ప్రకారం అన్నవి పసుపు, నీలం, ఊదా కాగితాల మీద తర్వాత వస్తాయి. మొదటి గంట ఆరెంజ్ తప్ప ఏమీ బయటికి తియ్యకు. తేలని గొడవల కోసం గులాబీ కాగితాల కట్ట మాత్రం నీ చేతిలో ఉండాలి.

శనివారాల ప్రాక్టీసుకి రైలు టికెట్ బుకింగునే అంశంగా తీసుకోండి. మనలో వెయిటింగ్ లిస్టు బాధ పడనివాళ్లు లేరు కాబట్టి అందరికీ తలా కొంచెం తెలుసు, పూర్తిగా ఎవరికీ తెలియదు. చార్ట్ తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే ఉంటే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది, కౌంటర్‌లో కొన్నదానికి మనమే అడగాలి. ఈ ఒక్క తేడా మీద అరగంట వాదన పుడుతుంది. ఆ వాదనలో నువ్వేం చేస్తావో మీవాళ్లని చూడమను.

ఇప్పుడు అసలు విషయం. ఇది మీ బాబాయికి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదేళ్ల కిందట ఒక ఆసుపత్రి వాళ్లకి డిశ్చార్జ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం వర్క్‌షాప్ నడిపాను. ఇరవై మంది వచ్చారు. డాక్టర్లు, బిల్లింగ్ మేనేజర్ గారు, ఫార్మసీ ఇన్‌ఛార్జి, ఇన్సూరెన్స్ డెస్క్ అబ్బాయి, మా డెవలపర్లు. వార్డుల తరఫున ఒక్క సిస్టర్. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, నిద్ర ముఖంతో వెనక తలుపు దగ్గర నిలబడింది. మొదటి అరగంటలో గోడ నిండింది. "డిశ్చార్జ్ అయింది" అన్న కాగితం మూడు చోట్ల కనిపించింది. డాక్టరుకి అది ఫైల్లో సంతకం పెట్టడం, బిల్లింగ్‌కి డబ్బు కట్టడం, వార్డుకి మంచం ఖాళీ కావడం. ఒకే మాటకి మూడు అర్థాలు. గీతలు గీసి మూడు బౌండెడ్ కాంటెక్స్టులుగా, అంటే ఒక మాటకి ఒకే అర్థం ఉండే మూడు హద్దులుగా, విడదీశాను. అందరూ మెచ్చుకున్నారు, నాకు మహా ఉత్సాహం వచ్చేసింది.

అప్పుడే కొన్ని కాగితాల మీద తెలుగు కనిపించింది. గోడ ఫోటోలు మా బెంగళూరు టీంకి వెళ్లాలి, వాళ్లలో తెలుగు చదివేవాళ్లు లేరు. "దయచేసి అందరూ ఇంగ్లీషులోనే రాయండి" అన్నాను. నవ్వుతూ, మర్యాదగానే అన్నాను. సిస్టర్ చేతిలో ఒక ఆరెంజ్ కాగితం ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం నా కళ్లతో చూశాను. చూసి కూడా తర్వాత అడుగుదాంలే అనుకున్నాను. టీ వచ్చింది, మేనేజర్ గారు ఏదో అడిగారు, మరిచిపోయాను.

ఆర్నెల్ల తర్వాత సాఫ్ట్‌వేర్ మొదలైంది. డాక్టర్ సంతకం పడగానే ఫైనల్ బిల్లు తయారయ్యేది, అదే మా గొప్ప అనుకున్నాం. కానీ వార్డులో పేషెంటు పేరున తెప్పించిన మందుల్లో వాడనివి ఫార్మసీకి తిరిగి వెళ్లాలి, ఆ డబ్బు బిల్లులోంచి తగ్గాలి. మా సిస్టంలో అప్పటికి బిల్లు మూతపడి ఉండేది. దాన్ని రద్దు చేసి మళ్లీ వెయ్యాలి. ఇన్సూరెన్స్ ఉంటే మారిన మొత్తానికి మళ్లీ అప్రూవల్ రావాలి. మూడో రోజు నేను అక్కడే ఉన్నాను. పొద్దున పదింటికి ఇంటికి వెళ్లొచ్చని చెప్పిన ఒక పెద్దాయన రాత్రి ఎనిమిదింటికి కూడా వీల్‌చైర్‌లోనే ఉన్నాడు. ఆయన కొడుకు ఆ సిస్టర్ మీద అరుస్తున్నాడు. ఆమె తల దించుకుని పడుతోంది.

ఆయన్ని పంపించాక ఆమె దగ్గరికి వెళ్లి అడిగాను, ఆ రోజు కాగితం మీద ఏం రాశావమ్మా అని. ఆమెకి బాగా గుర్తుంది. "మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగి పంపాం." అచ్చంగా ఆరెంజ్ కాగితం మీద ఉండాల్సిన వాక్యం, బుజ్జీ! ఆ గది మొత్తంలో అంత చక్కగా ఇంకెవరూ రాయలేదు. మరి ఎందుకు అంటించలేదంటే, "ఇంగ్లీషులో రాయమన్నారు కదా మేడమ్. స్పెల్లింగ్ తప్పు పోతే అందరూ చూస్తారని" అంది.

పని చేసేవాళ్లు వాడే మాటలే కోడ్‌లోకీ రావాలని, "డొమైన్ డ్రివెన్ డిజైన్" పుస్తకం రాసిన ఎరిక్ ఎవాన్స్ 2003 నుంచీ చెబుతున్నాడు. అది నేను ట్రైనింగుల్లో ఎంతమందికి చెప్పానో. ఆ మాటలున్న మనిషి నా గదిలోకే వస్తే, నేనే నోరు మూయించాను. ఫోటోలకి అనువాదం ఎవరో ఒకరు గంటలో చేసి ఉండేవాళ్లు. పోనీ, చివర్లో గోడ మీది కాగితాల్ని ఆఖరిదాని నుంచి మొదటిదాని దాకా వెనక్కి చదివించినా దొరికేది. "బిల్లు ఫైనల్ కావాలంటే అంతకు ముందు ఏమేం అయిపోయి ఉండాలి?" అని ఒక్కొక్క కాగితం దగ్గర ఆగి అడగాలి. టైం లేదని అదీ వదిలేశాను. నువ్వు వదలకు. టైం చాలకపోతే ఇంకేదైనా తగ్గించు, అది మాత్రం ఉంచు.

నా భయం నీ తెలివి గురించి కాదు. నీకూ నాలాగే తొందర. చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెబుతుంటే సగంలోనే ముగింపు నువ్వు చెప్పేసేదానివి, ఆవిడ మురిసిపోయి నీకు ముద్దు పెట్టేది. ఆ గదిలో మాత్రం ఎవరి వాక్యాన్నీ నువ్వు పూర్తి చెయ్యకు. ఎవరైనా తడబడితే నోరు కట్టుకుని నిలబడు. నీకు కష్టమని తెలుసు తల్లీ, అయినా నిలబడు.

నాకు ఆ రోజుల్లో నీలా తోటివాళ్లు లేరు. వర్క్‌షాప్ ఎలా నడిచిందని అడిగితే ఆసుపత్రి వాళ్లు బాగుందన్నారు, మా బాస్ బాగుందన్నాడు. తలుపు దగ్గర మనిషిని చూశావా అని అడిగినవాళ్లు లేరు. నీకు ఉన్నారు కదా, వాళ్లని మెప్పుల కోసం వాడుకోకు. ప్రతి శనివారం ఒకర్ని ఆటలోంచి తప్పించి మూల కూర్చోబెట్టు. గది బొమ్మ గీసి, ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో, నువ్వు ఎటువైపు చూడలేదో దాని మీద గుర్తులు పెట్టమను. అయిపోయాక నువ్వు సంజాయిషీ చెప్పకుండా విను. వాళ్లు నడిపేటప్పుడు నువ్వూ అదే చెయ్యి, ఇతరుల గదిలో త్వరగా కళ్లు తెరుచుకుంటాయి. అసలు రోజున వాళ్లలో ఒకర్ని నీతో ఉంచుకోవడానికి మీ ఆఫీసు ఒప్పుకుంటుందేమో అడుగు. ఒప్పుకోకపోతే ఆ రాత్రి కనీసం ఫోన్‌లో అయినా మాట్లాడుకోండి. ఒక్కదానివే ఇంటికెళ్లి పడుకోకు.

పై అధికారులు గోడ ముందే పాతుకుపోతే టెన్షన్ పడకు. వాళ్లకి తోచిందంతా ముందు రాయనిచ్చి, తర్వాత వాటిని చదివి వినిపించే పని కిందివాళ్లకి ఇవ్వు. చదువుతూ చదువుతూ "ఇది ఇలా కాదండీ" అంటారు. అక్కడ గులాబీ కాగితం అంటించు.

ఈ శనివారం ప్రాక్టీస్ అయ్యాక ఆ గది బొమ్మ ఫోటో తీసి పంపు. ఆదివారం భోజనానికి రా, దోసకాయ పప్పు చేస్తాను. నా దగ్గర కాగితపు రోలు ఒకటి మిగిలింది, బీరువా పక్కన నిలబెట్టి ఉంచాను. వెళ్లేటప్పుడు పట్టుకెళ్దువు గాని.

మీ పిన్ని